ఆరు నిమిషాల నడక

ఆ వేసవిలో మా నాన్న ఒకే పరీక్ష రెండుసార్లు తప్పాడు. కష్టమైన పరీక్షేమీ కాదు. నడవాలి. ఆసుపత్రి వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ వెనక్కి, ఆరు నిమిషాలపాటు, చేతనైనంత వేగంగా. అంతే.

అది తప్పితే ఆపరేషన్ లేదు. ఆపరేషన్ లేకపోతే ఏదో ఒకరోజు దగ్గుతో పడే నెత్తురు ఆగదు. నెల్లూరులో సర్జన్ గణేష్ గారు ఈ మాట మాకు దాచకుండా చెప్పారు.

"పాత టీబీ తగ్గిపోయింది గానీ, కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఒక గుంట మిగిల్చిపోయింది. ఇప్పుడు అందులో ఫంగస్ ఉండకట్టింది. నెత్తురు అక్కడినుంచే. ఆ ముక్క తీసేస్తే పోతుంది."

"తీసేయండి సార్" అంది అమ్మ, కూరలో కరివేపాకు తీసేయమన్నట్టు.

"తీసేశాక మిగిలినదాంతో ఈయన బతకాలి కదమ్మా. బల్ల మీద పడుకోబెట్టాక తెలుసుకుంటే లాభం లేదు. అందుకని ముందే ఒంటికి పని పెట్టి చూస్తాం. పని పెరిగేకొద్దీ ఒళ్ళు ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. అడిగినంత ఊపిరితిత్తులు తీసుకోగలవా, గుండె మోయగలదా, కాళ్ళు వాడుకోగలవా, అది చూడాలి. నడిపించి చూస్తాం, అవసరమైతే సైకిల్ తొక్కించి చూస్తాం."

నాన్న నవ్వాడు. "మా అమ్మాయి పిలకాయల్ని పరిగెత్తిస్తది. నన్ను మీరు నడిపిస్తారా? కానీండి."

ఆ అమ్మాయిని నేనే. పేరు ఫేబీ. గూడూరు దగ్గర హైస్కూల్లో పీఈటీని. మెడలో విజిల్, చేతిలో స్టాప్‌వాచ్ నా బతుకు. వేసవి సెలవులు ఇచ్చిన రోజే తోటపల్లి గూడూరు పక్కన మా పల్లెకు వచ్చేశాను. సెలవులు అయ్యేలోగా నాన్న ఆపరేషన్ అయిపోవాలన్నది నా లెక్క.

*

మొదటి నడక ఏప్రిల్ చివర్లో. రెండో అంతస్తు వరండా. రెండు చివర్లా రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు పెట్టారు. పరీక్ష చేసే అమ్మాయి సుప్రియ, ఉద్యోగానికి కొత్త. నాన్న వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలించింది.

"అమ్మా, మీరు ఇక్కడ కూర్చోండి."

అమ్మ కూర్చోలేదు. చేతిలో తెల్ల తువ్వాలు. "మధ్యలో దగ్గొస్తే? నెత్తురు పడితే నీ నున్నటి బండలు నువ్వు తుడస్తావా మే?"

సుప్రియ నా వంక చూసింది. అమ్మ పేరు పుష్పకుమారి. ఆవిడ కూర్చోనని అనుకున్నాక కూర్చోబెట్టిన మనిషి మా మండలంలో లేడు. నేను భుజాలెగరేశాను.

"సరే, పక్కన నడవండి. కానీ మాట్లాడించకూడదు."

"ఈయనతో మాట్లాడి నేను బాగుపడిందెప్పుడు?" అంది అమ్మ.

ఇద్దరూ బయలుదేరారు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి నుంచి ఇంటికి వస్తున్నట్టే ఉంది నడక. మా పల్లెలో మొగవాళ్ళు ముందు నడుస్తారు, ఆడవాళ్ళు నాలుగడుగులు వెనక. నాన్న ఒక్కడే ఎప్పుడూ అమ్మ పక్కన నడుస్తాడు. పెళ్ళైన కొత్తలో అందరూ ఎగతాళి చేశారట. ఈయన మారకపోయేసరికి వాళ్ళకే విసుగొచ్చి మానేశారట.

ఆరు నిమిషాలయ్యాయి. సుప్రియ టేపుతో కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"సమాధానం గారూ, కాళ్ళు లాగినాయా?" అని నాన్నను పేరు పెట్టి అడిగింది.

"లేదమ్మా."

"ఆయాసం? దడ?"

"ఏం లేదే."

"మరి ఎందుకు అంత మెల్లగా నడిచినారు?"

నాన్న నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మెల్లగానా? ఎప్పుడూ నడిచేట్టే నడిచినా."

డాక్టర్ నన్నొక్కదాన్నే లోపలికి పిలిచారు. "దూరం చాలా తక్కువ. ఈ లెక్కతో మత్తు డాక్టర్ ఒప్పుకోడు. అయితే ఒకటి చూడండి. ఆక్సిజన్ తగ్గలేదు. నాడి కూడా పెద్దగా పెరగలేదు. నిజంగా చేతగాని మనిషికి ఈపాటికి గుండె దడదడలాడాలి. ఈయన ఒళ్ళు ఆక్సిజన్ కావాలని అడగనే లేదు. అంటే గట్టిగా నడవలేదు."

"ఎందుకు సార్?"

"భయం. ఆపరేషన్ తప్పించుకోవాలనుకునేవాళ్ళు కొందరు ఇట్లాగే నడుస్తారు. మూడు వారాలు నడిపించండి. మళ్ళీ చూద్దాం."

నాకు కోపం వచ్చింది. అటువంటి పిల్లలు నాకు తెలుసు. పరుగులో అందరికంటే చివర వస్తారు, చొక్కా మాత్రం తడవదు. వాళ్ళకు ఆయాసం కాదు, ఇష్టం ఉండదు. నాన్న ఆ బాపతని నేనెప్పుడూ అనుకోలేదు.

*

మరునాటి నుంచి గంగులయ్య రొయ్యల గుంటల గట్టు మా మైదానమైంది. పొద్దున్నే నేను విజిల్ వేసుకుని ముందు, వెనక నాన్న, ఆయన పక్కన తువ్వాలుతో అమ్మ. గుంటల్లో ఏరియేటర్లు నీళ్ళను చిలకరిస్తూ గోల గోలగా తిరుగుతుండేవి.

గంగులయ్య మోటారు షెడ్డు దగ్గర నిలబడి కేకేసేవాడు. "ఏం సమాధానన్నా, ఇది వాకింగా, పెండ్లి ఊరేగింపా? బ్యాండు మేళం పిలిపించేదా?"

"నీ పెండ్లికి తెచ్చినావే, ఆ మేళం వద్దులే గంగులయ్యా. పీనుగు కూడా లేచి పారిపోతాది" అనేవాడు నాన్న.

నాన్న ఆ గుంటల్లోనే పని చేస్తాడు. ఒడ్డు నుంచి ఒడ్డుకు కట్టిన తాడు పట్టి లాగుతూ తెప్ప మీద గుంటంతా తిరిగి మేత చల్లుతాడు. నెత్తురు పడుతున్నా మానలేదు. ఆయన తాడు లాగడం చూస్తే ఊపిరితిత్తి పాడైన మనిషంటే ఎవరూ నమ్మరు. ఈ సంగతి డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పాను.

"చేతుల పని వేరమ్మా" అన్నారాయన. "అలవాటైన చేతులు తక్కువ ఆక్సిజన్‌తో చాలా పని చేస్తాయి. ఒంట్లో పెద్ద కండలన్నీ కాళ్ళలో ఉంటాయి. కాళ్ళు కదిలితేనే ఊపిరికి, గుండెకు అసలు పరీక్ష. తాడు లాగినాడని నేను కోయలేను."

నిజమే. నేను పిల్లలకు చెప్పే పాఠమే అది. వంద మీటర్లు పరిగెత్తేవాడు దాదాపు ఊపిరి లేకుండానే పరిగెత్తి, గీత దాటాక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆ బాకీ తీరుస్తాడు. మైలు పరిగెత్తేవాడికి బాకీ పెట్టే వీల్లేదు, అడుగు అడుగుకీ అప్పటికప్పుడు ఊపిరి అందాలి. కానిస్టేబుల్ సెలక్షన్లకు వెళ్ళే మా పిలకాయలు చాలామంది మొదటిది గెలిచి రెండోదాంట్లో పోతారు. నాన్న కూడా అంతేనేమో అనుకున్నాను.

గట్టు మీద నాలుగైదు గుంటలు దాటామో లేదో అమ్మ ఆగేది.

"ఆగయ్యా. నీకు ఆయాసమొస్తా ఉంది."

"నాకా?"

"ముఖం చూడు, ఎట్ట పీక్కపోయిందో. కాసేపు కూర్చో."

నాన్న కూర్చునేవాడు. అమ్మా పక్కన కూర్చుని తువ్వాలుతో ఆయనకు విసిరేది. నేను స్టాప్‌వాచ్ ఆపి పళ్ళు కొరుక్కునేదాన్ని.

"అమ్మా, ఆయన్ని నడవనీ. ఆయాసం రావాలనే కదా నడిపించేది."

"నువ్వు గమ్మునుండు మే. మొగుడు నాకు. నీకు కాదు."

మిగతా రోజంతా ఇల్లు ఎప్పటిలాగే ఉండేది. ఒక్క మార్పు మాత్రం నేను గమనించాను, గమనించి సంతోషించాను కూడా. అమ్మ భోజనం ముందు చేసే ప్రార్థన మా పల్లెలో పేరుమోసింది. పండిన వరి, పట్టిన చేప, వండిన చెయ్యి, వీధిలో జబ్బు పడ్డవాళ్ళు, పాస్టరుగారి మోటారు సైకిలు, ఎవరినీ వదలదు. అన్నం చల్లారిపోతుంది. ఆ వేసవిలో మాత్రం నాలుగు మాటలతో ఆమెన్ చెప్పేస్తోంది.

"ఏం పుష్పా, దేవుడిక్కూడా ఎండాకాలం సెలవులిచ్చినావా?" అన్నాడు నాన్న ఒకరోజు.

"ఆయనకి అన్నీ తెలుసు. రోజూ చెప్పాల్నా ఏంది?" అంది అమ్మ.

వేడివేడి అన్నం, చేపల పులుసు. నేను ఇంకేమీ అడగలేదు.

*

మే నెల మధ్యలో రెండో నడక. అదే వరండా, అదే స్టూళ్ళు, అదే తువ్వాలు. దూరం మొదటిసారి కంటే ఇంకా తగ్గింది. నాడి అప్పటిలాగే నింపాదిగా ఉంది.

డాక్టర్ అంకె రాసుకుని ఫైలు మూసేశారు. అది చూసి నాకు భయం వేసింది.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ మందుల షాపులోకి వెళ్ళింది. ఆటోలో నేనూ నాన్నే.

"నిజం చెప్పు నాన్నా. భయమా?"

"కత్తంటే భయం ఎవరికుండదు?"

"అందుకని కావాలనే మెల్లగా నడుస్తా ఉండావా?"

నాన్న నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం లేదు అందులో. ఏదో లెక్క తనకూ అర్థం కానట్టు చూశాడు.

"నాకు బతకాలనే ఉంది పాపా. నడిచినా. ఇంకా ఎట్టా నడవాలో నాకు తెలవటంలా."

నేను ముఖం తిప్పుకున్నాను. అమ్మ మందులతో వచ్చి ఆటో కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడి, ఎండను తిట్టి, అప్పుడు ఎక్కింది.

వారం తిరక్కముందే, ఒక మధ్యాహ్నం తెప్ప మీద ఉండగా నాన్నకు దగ్గు తెర వచ్చింది. ఈసారి పడింది ఎప్పటిలా నెత్తుటి చారలు కాదు, నోటినిండా నెత్తురే. గంగులయ్య నీళ్ళలోకి దూకి తెప్పను ఒడ్డుకు లాగాడు. కారు వెనక సీట్లో నాన్న తల నా ఒళ్ళో ఉంది. తువ్వాలు సగం ఎర్రబడింది. అమ్మ ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి ఆయన మోకాలు గట్టిగా పట్టుకుంది. నెల్లూరు చేరేదాకా వదల్లేదు.

నెత్తురు మందులతో ఆగింది. డాక్టర్ మమ్మల్ని కూర్చోబెట్టారు.

"మళ్ళీ ఇంత వస్తే ఆగుతుందని నేను మాటివ్వలేను. కోయాలి. కోయాలంటే ఈయన తట్టుకుంటాడని తెలియాలి. పూర్తిగా తేరుకున్నాక సైకిల్ పరీక్ష చేద్దాం. అందులో నటించడానికి కుదరదు. గట్టిగా తొక్కుతున్నాడో లేదో ముక్కూ నోటి నుంచి వచ్చే గాలే చెప్పేస్తుంది. అందులోనూ తప్పితే మాత్రం నా దగ్గర ఇంకే దారీ లేదు."

*

సైకిల్ గది ఇరుగ్గా, చల్లగా ఉంది. చక్రాలు లేని సైకిల్. నాన్న ఛాతీకి తీగలు అంటించి, ముక్కూ నోరూ మూసేలా మాస్క్ తగిలించింది సుప్రియ.

"తాతా, మొదట తేలిగ్గా ఉంటుంది. పోనుపోను బరువెక్కుతుంది, గాలికి ఎదురు తొక్కినట్టు. ఇంక నా వల్ల కాదనేదాకా తొక్కాలి. మాట్లాడలేరు కాబట్టి, ఆపాలంటే చెయ్యెత్తండి."

నాన్న బొటనవేలు పైకెత్తాడు. అమ్మ తువ్వాలుతో పక్కన నిలబడబోయింది. గదిలో నిలబడే చోటే లేదు. ఆయాసమొస్తే చూడటానికి ఇంకో డాక్టర్ కూడా లోపలే ఉన్నాడు.

"అమ్మా, నువ్వు పోయి కాఫీ తీసుకురా" అన్నాను. క్యాంటీన్ కింద ఉంది. లిఫ్ట్ రిపేరు.

నాన్న తొక్కడం మొదలుపెట్టాడు. సుప్రియ తెర మీది గీతలు నాకు చూపించింది. "ఇది లోపలికి పోయే ఆక్సిజన్. ఇది బయటికొచ్చేది. మధ్యలో తేడా ఎంతో అంత ఒళ్ళు వాడుకున్నట్టు. బరువు పెంచేకొద్దీ తేడా పెరగాలి. పెరగకుండా ఆగిపోయిందంటే అదే ఆయన హద్దు."

తేడా పెరుగుతోంది. సుప్రియ బరువు పెంచింది. గీత మళ్ళీ పైకి లేచింది. నాన్న పిక్కలు బిగుసుకున్నాయి. మాస్క్‌లోంచి ఊపిరి బుసలు కొడుతోంది. ఈ మనిషి రోజూ గుంటల దాకా సైకిల్ మీద వెళ్ళి వచ్చేవాడని నాకు అప్పుడు గుర్తొచ్చింది. చెమట చుక్కలు హ్యాండిల్ మీద పడుతున్నాయి.

"మేడం" అంది సుప్రియ గొంతు తగ్గించి, "ఈయన చాలా బాగా తొక్కుతా ఉండాడు. నడకలో ఏమైంది మరి?"

నాకు తెలియలేదు. సంతోషంతో అమ్మను పిలుద్దామని బయటికి వచ్చాను. వరండాలో లేదు. కాఫీకి పంపి చాలాసేపైంది.

మెట్ల దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. కింద మలుపులో అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన రెండు కాఫీ గ్లాసులు. చీర అంచులో ఏదో దారం పీకుతున్నట్టు తలవంచుకుని ఉంది. నేను దిగాను.

"ఏమ్మా?"

"కాఫీ వేడిగా ఉంటే. చల్లారనిస్తా ఉండా."

కాఫీ మీద మీగడ కట్టింది.

నేను పక్కన కూర్చున్నాను. అమ్మ మెడ దగ్గర నరం ఎగిరెగిరి పడుతోంది, ఒక వరస లేకుండా. మా పిల్లలు పరిగెత్తుతుండగా నేను పక్కన పరిగెత్తి ఒక ప్రశ్న అడుగుతాను. వాక్యం మధ్యలో ఆపకుండా చెప్పగలిగితే ఊపిరి ఇంకా ఉన్నట్టు. మాట ముక్కలైతే అయిపోయినట్టు. యంత్రం అక్కర్లేని పరీక్ష అది.

"అమ్మా, నాన్న లోపల తొక్కుతా ఉండాడు. ఆయన కోసం ప్రార్థన చెయ్యి."

"మనసులో... చేస్తా ఉండా."

"పైకి చెయ్యి. నాకు వినిపించేట్టు."

అమ్మ కళ్ళు మూసుకుంది. చేతులు జోడించింది.

"దయగల తండ్రీ..." ఆగింది. "నా పెనిమిటి..." మళ్ళీ ఆగింది. "ఊపిరిని..."

ఆ తర్వాత మాట రాలేదు. కళ్ళు తెరిచి నన్ను చూసింది. దొరికిపోయిన పిల్లలు చూసే చూపు.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"ముందు ఆయనది కానీ" అంది. "నాది ఎక్కడికీ పోదు."

నేను కాఫీ గ్లాసులు అక్కడే వదిలేసి అమ్మ రెండు చేతులూ పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ పైకి తెచ్చాను. పైన నాన్న అప్పుడే చెయ్యెత్తి ఆపి, మాస్క్ తీయించుకుని, ఎవరితో చెప్పాలా అని మా కోసం చుట్టూ చూస్తున్నాడు.

*

డాక్టర్ గణేష్ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు.

"సైకిల్ మీద ఈయన ఒళ్ళు వాడుకున్న ఆక్సిజన్ చూస్తే రేపే కోయొచ్చు. నడక చూస్తే తాకకూడదు. రెండింటికీ పొంతన లేదు. ఏదో ఒకటి తప్పు."

"రెండూ ఒప్పే సార్" అన్నాను. "కాకపోతే ఆ నడక మా నాన్నది కాదు. మా అమ్మది."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి వచ్చి అమ్మ వీపు మీద, ఛాతీ మీద స్టెత్ పెట్టి చాలాసేపు విన్నారు.  ఆయన ఫోన్ తీసి గుండె డాక్టర్‌ను పిలిచారు. సాయంత్రానికి స్కాన్ అయింది. చిన్నప్పటి కీళ్ళ జ్వరం ఏదో గుండెలో ఒక కవాటాన్ని ఇన్నేళ్ళుగా మెల్లమెల్లగా బిగించుకుంటూ వచ్చిందట. ఊపిరితిత్తులు ఎంత గాలి పీల్చినా, ఆ సన్నటి దారిలో దాటాల్సిన నెత్తురు దాటదు. పరిగెత్తమంటే గుండె దడదడలాడుతుంది గానీ ఒంటికి ఆక్సిజన్ అందదు. తొడ దగ్గర నుంచి తీగ పంపి బెలూన్‌తో దారి వెడల్పు చేయొచ్చన్నారు. ఆలస్యం చేయొద్దన్నారు.

నాన్న మంచం అంచున కూర్చుని అంతా విన్నాడు.

"నాతో మోకాళ్ళ నొప్పులన్నావే" అన్నాడు.

"మోకాళ్ళు కూడా నొప్పే" అంది అమ్మ.

"నాకు ఆయాసమొస్తా ఉందని ఆపుతా వచ్చినావు, గట్టు మీద."

అమ్మ మంచం మీద దుప్పటి సర్దింది.

"నాకు ఆయాసం రాలేదని నాకు తెలుసు పుష్పా. నీ మోకాళ్ళకు ఆసరాగా ఉంటదిలే అని కూర్చుంటా ఉన్నా."

నాకు లేచి బయటికి వెళ్ళాలనిపించింది. వెళ్ళలేదు. నెల రోజులు విజిల్ ఊదుకుంటూ నడిపించింది వీళ్ళిద్దరినే.

*

మర్నాడు పొద్దున డాక్టర్ వచ్చి వరస చెప్పారు. ముందు అమ్మకు బెలూన్. ఆమె కోలుకోగానే నాన్నకు ఆపరేషన్. "అయితే ఒక చిక్కు ఉంది. సైకిల్ లెక్క ఒక్కటే చూసి మత్తు డాక్టర్ ఒప్పుకోవట్లేదు. రెండుసార్లు తప్పిన నడక అడ్డంగా ఉంది. సమాధానం గారు ఇంకోసారి నడవాలి. ఇవాళే. ఒక్కడే."

"ఆమెది కానీండి. తర్వాత నడస్తా" అన్నాడు నాన్న.

"ఆపరేషన్ తేదీ ఇప్పుడే రాసుకోకపోతే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేను. మధ్యలో మొన్నటిలాగా నెత్తురు పడితే?"

"ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె కళ్ళ ముందు నేను పరిగెత్తాల్నా సార్?"

దానికి జవాబు అమ్మ చెప్పింది.  చేతిలో తువ్వాలు మడతపెట్టి నాన్న భుజం మీద వేసింది.

"నడువు" అంది. "నువ్వు లేకపోతే... నా గుండె బాగై... నాకేం పని?"

వరండాలో స్టూళ్ళు పెట్టారు. అమ్మను ఒక చివర కుర్చీలో కూర్చోబెట్టి, నేను ఆమె వెనక నిలబడ్డాను. సుప్రియ స్టాప్‌వాచ్ నొక్కింది.

నాన్న బయలుదేరాడు. అదే ఆదివారం నడక. వరండా మధ్యకు వచ్చేసరికి అడుగు ఇంకా తగ్గింది. కుడిపక్కకు తల తిప్పి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. వెనక్కి తిరగబోయాడు.

"నన్ను చూడబాకయ్యా" అంది అమ్మ. "ముందుకు చూడు."

ఆయన ముందుకు చూశాడు. ఒకటి, రెండు అడుగులు తడబడ్డాడు, కొత్త చెప్పులు వేసుకున్నవాడిలాగా. ఆ తర్వాత నడిచాడు.

అరవై దాటిన మా నాన్న నడవడం నేను మొదటిసారి చూశాను. పొడుగు కాళ్ళాయనవి. ఒక్కో అడుగూ బారెడు పడుతోంది. తువ్వాలు భుజం మీద ఎగురుతోంది. స్టూలు దగ్గర గిరుక్కున తిరిగి మా మీదికి వస్తున్నాడు, మమ్మల్ని చూడకుండా తిరిగి వెళ్ళిపోతున్నాడు. మందుల ట్రేతో వస్తున్న నర్సు గోడకు అతుక్కుంది. వార్డు గుమ్మంలో ఇద్దరు రోగులు నిలబడి "ఎవురబ్బా ఈ పెద్దాయన" అనుకున్నారు. నేను అమ్మ భుజం మీద చెయ్యి వేశాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఎంత వేగంగా నడవగలడో చూస్తున్నకొద్దీ, ఇన్నాళ్ళూ ఎంత ఆపుకుని నడిచాడో ఆమెకు తెలుస్తోంది. నాకూ తెలుస్తోంది.

"టైమైంది! ఆగండి! ఎక్కడున్నారో అక్కడే ఆగండి!" అని సుప్రియ అరిచింది.

నాన్న అవతలి స్టూలు దగ్గర ఆగిపోయాడు. గోడకు చెయ్యి ఆనించి వంగాడు. వీపు ఎగిరెగిరి పడుతోంది. దగ్గు రాలేదు. సుప్రియ క్లిప్పులో అంకె చూసి, డాక్టర్ వంక చూసి, తల ఊపింది. డాక్టర్ అక్కడికక్కడే ఫోన్ తీసి తేదీ చెప్పారు.

అటు చివర నాన్న, ఇటు చివర అమ్మ. మధ్యలో ఖాళీ వరండా.

"ఏమయ్యా" అని పిలిచింది అమ్మ. "ఇంత బిరబిరా... నడిచేవోడివి... ఇన్నేళ్ళూ... ఎందుకు నడవలా?"

నాన్న తలెత్తాడు. ఆయనకూ ఊపిరి అందడం లేదు.

"నడిచి..." అన్నాడు, "నిన్నొదిలి... యాడికి పోవాల?"

"కదలకండి తాతా, ఇంకా కొలవాల!" అంటూ సుప్రియ టేపు పట్టుకుని పరిగెత్తింది. నాన్న అప్పటికే అమ్మ వైపు బయలుదేరాడు. ఆ పిల్ల గబుక్కున వంగి, ఆయన నిలబడ్డ చోట సుద్దతో గీత గీసింది.